లారీ డ్రైవరు నిద్ర – రాత్రి శ్రమపై ఒక పరిశీలన

"ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అన్నది తెలుగువారి నోట తరతరాలుగా నానిన సామెత. నిద్ర ముంచుకొని వచ్చినప్పుడు మనిషి పరుపును, తలగడను వెదకడు, ఉన్నచోటనే ఒరిగిపోతాడు. ఇంటి అరుగు మీద ఒరిగిన వానికి దీనివలన నష్టమేమీ లేదు. ఎద్దుల బండి తోలే రైతుకు సైతం పెద్దగా నష్టం ఉండేది కాదు. సంత ముగించుకొని రాత్రివేళ తిరిగి వచ్చే బండిలో యజమాని కునుకు తీసినా, ఎద్దులు అలవాటైన బాటను పట్టుకొని ఇల్లు చేరేవి. మనిషి కన్ను మూతపడినప్పుడు పశువు కన్ను దారి చూసేది.

లారీకి ఆ రెండవ కన్ను లేదు. ముప్పది నలుబది టన్నుల బరువుతో రహదారిపై సాగే ఆ వాహనానికి దిక్కు చూపేది ఒక్క మనిషి మెలకువ మాత్రమే. ఆ మెలకువ ఎంతసేపు నిలుస్తుంది? ఎందువలన సడలుతుంది? దానిని కాపాడవలసిన బాధ్యత డ్రైవరు ఒక్కనిదేనా, లేక అతని చేత పని చేయించుకొంటున్న వారందరిదీనా? ఈ ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

దేశాన్ని కలిపే చక్రాలు

మన దేశంలో సరకుల రవాణాలో మూడింట రెండు వంతులకు పైగా రోడ్ల మీదనే జరుగుతున్నది. కాశ్మీరులోని సోపోరు ఆపిల్ పండ్లు ఢిల్లీలోని ఆజాద్‌పూర్ మండీకి, నాసిక్ ఉల్లి దక్షిణాది పట్టణాలకు, గుంటూరు మిరప దేశం నలుమూలలకు లారీల మీదనే చేరుతున్నవి. కొల్లేటి పరిసరాలలోని కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాల చెరువులలో పెరిగిన చేపలు మంచుగడ్డల మధ్య సర్దబడి, దాదాపు 1,200 కిలోమీటర్ల దూరంలోని హౌరా విపణికి, అక్కడి నుండి ఇంకా ముందుకు అస్సాం వరకు ప్రయాణం చేస్తున్నవి.

ఢిల్లీ, ముంబయి, చెన్నై, కోల్‌కతా నగరాలను కలిపే స్వర్ణ చతుర్భుజి పొడవు 5,846 కిలోమీటర్లు. శ్రీనగర్ నుండి కన్యాకుమారి వరకు సాగే 44వ జాతీయ రహదారి పొడవు 3,700 కిలోమీటర్లకు పైమాటే. ఈ రహదారులపై పంజాబు డ్రైవరు తమిళనాట భోజనం చేస్తాడు. నామక్కల్ డ్రైవరు హర్యానా ధాబాలో నులక మంచంపై నడుము వాలుస్తాడు. హర్యానాలోని మేవాత్ డ్రైవరు శ్రీకాకుళం దాటుతూ రెండు తెలుగు మాటలు నేర్చుకొంటాడు. చిరు నిద్రను హిందీలో 'ఝప్‌కీ' అంటారు, తెలుగులో 'కునుకు' అంటారు. ఈ రెండు మాటలూ తెలిసినవారు, ఈ రెండింటికీ సమానంగా భయపడేవారు లారీ డ్రైవర్లు.

శరీరంలోని గడియారం

నిద్ర మనిషి ఇష్టాయిష్టాలకు లోబడి ఉండదు. దానిని రెండు శక్తులు నడుపుతున్నవని స్విట్జర్లాండు శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించినాడు. మొదటిది నిద్ర ఒత్తిడి. మనిషి మేలుకొన్నది మొదలుగా మెదడులో అడినోసిన్ అనే పదార్థం క్రమంగా పేరుకొంటుంది. అది పెరిగినకొద్దీ నిద్ర కావాలన్న ఒత్తిడి పెరుగుతుంది. నిద్రించినప్పుడే అది తరుగుతుంది. రెండవది శరీరంలోని గడియారం. మెదడులో హైపోథాలమస్ అనే భాగంలో ఉన్న ఒక చిన్న కణ సముదాయం, కంటి ద్వారా చేరే వెలుగు చీకట్లను బట్టి దాదాపు ఇరువది నాలుగు గంటల లయను నడుపుతుంది. ఈ లయ కణాల స్థాయిలో ఎట్లు పనిచేస్తున్నదో కనుగొన్నందుకు జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు 2017లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించినది.

ఈ గడియారం ప్రకారం మనిషి మెలకువ రోజుకు రెండుసార్లు సన్నగిల్లుతుంది. అర్ధరాత్రి దాటిన తరువాత రెండు గంటల నుండి ఆరు గంటల వరకు ఉన్న సమయం అన్నిటికంటె బలహీనమైనది. ఆ వేళలో శరీరపు వేడిమి కూడా కనిష్ఠ స్థాయికి దిగుతుంది. మధ్యాహ్నం రెండు నుండి నాలుగు గంటల మధ్య మరొక చిన్న మగత వస్తుంది. తెల్లవారుజామున డ్రైవరు శరీరంలో ఈ రెండు శక్తులూ ఒక్కసారిగా కలుస్తవి. నిద్ర ఒత్తిడి పతాక స్థాయిలో ఉంటుంది; గడియారం మెలకువకు ఇచ్చే ఆసరా తొలగిపోతుంది.

పగలు పడుకొంటే రాత్రి మేలుకొనవచ్చును గదా అని ఎవరికైనా తోచవచ్చును. కాని పగటి నిద్ర రాత్రి నిద్రతో సమానం కాదు. శరీరం మేలుకొనవలసిన వేళ కావడం వలన అది తరచు విరిగిపోతుంది. రాత్రి నిద్ర కంటె చిన్నదిగా ఉంటుంది. దీనికి తోడు, ఎండలో నిలిపిన లారీ క్యాబిన్ వేసవిలో కొలిమి వలె కాగుతుంది. బయట హమాలీల కేకలు, హారన్ మోతలు, సరకు మీద, డీజిల్ ట్యాంకు మీద దొంగల భయం. అట్టి చోట కన్నుమూసిన మనిషి విశ్రాంతి పొందినట్లు లెక్క కాదు.

తనకు తానే తెలియని అలసట

అలసిన మనిషికి తన అలసట తెలియకపోవడం ఇందులోని గొప్ప ప్రమాదం. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించినారు. రెండు వారాల పాటు రోజుకు ఆరు గంటలు మాత్రమే నిద్రించినవారి చురుకుదనం, ఏకధాటిగా నిద్ర మానినవారి చురుకుదనంతో పోల్చదగినంతగా పడిపోయినది. అయినను వారిని అడిగినప్పుడు, తమకు నిద్రమత్తు అంతగా లేదనియే చెప్పినారు. నిద్ర అప్పు వంటిది. అది పెరుగుతున్న సంగతి బాకీదారునికి తెలియకుండానే పెరుగుతుంది.

మద్యంతో పోల్చి చూస్తే దీని తీవ్రత మరింత స్పష్టపడుతుంది. పదిహేడు గంటలు ఎడతెగక మేలుకొని ఉన్న మనిషి చేతికీ కంటికీ ఉండే పొందిక, నూరు మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాని స్థితికి దిగజారుతుందని 1997లోను, ఆ తరువాతను జరిగిన పరిశోధనలు తెలిపినవి. ఇరువది నాలుగు గంటలు మేలుకొంటే అది 100 మిల్లీగ్రాములకు సమానం. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం అనుమతించిన పరిమితి 30 మిల్లీగ్రాములు మాత్రమే. ఉదయం ఆరు గంటలకు లేచిన డ్రైవరు రాత్రి పదకొండు గంటలకు స్టీరింగు పట్టుకొని ఉంటే, చుక్క మద్యమైనా ముట్టకుండానే అతడు ఆ పరిమితిని దాటిన వానితో సమానమన్నమాట. మద్యాన్ని పట్టుకొనడానికి పోలీసు చేతిలో యంత్రం ఉన్నది. నిద్రను పట్టుకొనే అట్టి యంత్రం రహదారి తనిఖీలో లేదు.

నిద్ర ఒత్తిడి హద్దు మీరినప్పుడు మెదడు క్షణకాలం తనంత తానుగా మూతపడుతుంది. కన్నులు తెరచి ఉన్నా చూపు ఉండదు. ఇది మూడు నాలుగు సెకన్లు మాత్రమే ఉండవచ్చును. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం సెకనుకు 22 మీటర్లకు పైగా ముందుకు పోతుంది. నాలుగు సెకన్లలో అది దాదాపు 90 మీటర్లు. అంత దూరం ఆ లారీని ఎవరూ నడపడం లేదన్నమాట.

ఇట్టి ప్రమాదాలకు ఒక గుర్తు ఉన్నది. వాహనం తనంత తానుగా రోడ్డు దిగిపోయి ఉంటుంది, లేదా ముందు నిలిచి ఉన్న లారీని వెనుక నుండి ఢీకొని ఉంటుంది. రోడ్డు మీద బ్రేకు వేసిన చక్రాల జాడ తరచు కనిపించదు. 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ ప్రకటించినది. ఆ నివేదికలో డ్రైవర్ల తప్పిదాల కింద అతివేగం, మద్యం, ఎదురు దిశలో నడపడం, ఎర్రదీపం దాటడం, మొబైల్ ఫోను వాడకం అనే శీర్షికలు ఉన్నవి. నిద్రకు ప్రత్యేకమైన శీర్షిక లేదు. నిద్రలో జరిగిన ప్రమాదం ఇతర కారణాలలోనో, అతివేగం లెక్కలోనో కలిసిపోతున్నది. లెక్కకు రాని కారణానికి చికిత్స కూడా ఆలస్యమవుతుంది.

రాత్రి ప్రయాణం ఎందుకు?

డ్రైవరు రాత్రిని కోరి ఎంచుకొంటున్నాడని అనుకొనరాదు. రాత్రివేళ రోడ్డు ఖాళీగా ఉంటుంది, టైర్లు తక్కువగా వేడెక్కుతవి అన్నది నిజమే. కాని అంతకంటె బలమైన కారణాలు వేరే ఉన్నవి.

మొదటిది నగరాల నిబంధన. పగటివేళ రద్దీని తగ్గించడానికి పెద్ద నగరాలలో భారీ వాహనాల ప్రవేశాన్ని నిషేధించి, రాత్రివేళ మాత్రమే అనుమతిస్తున్నారు. నగరవాసికి ఇది మేలైన ఏర్పాటు. కాని నగరానికి పగలు దక్కిన సౌకర్యం డ్రైవరు రాత్రి నిద్రలో నుండి తీసి ఇచ్చినదే.

రెండవది సరకు స్వభావం. చేపలు, పాలు, కూరగాయలు, పండ్లు ఆగవు. టమాటా లారీ తెల్లవారేసరికి మండీకి చేరితే ఒక ధర, మధ్యాహ్నానికి చేరితే మరొక ధర. ఇక్కడ ఒక విశేషం గమనించదగినది. సాధారణ సరకుకు వస్తు సేవల పన్ను చట్టం కింద ఇచ్చే ఇ-వే బిల్లు, 2021 జనవరి 1 నుండి రోజుకు 200 కిలోమీటర్ల లెక్కన చెల్లుబాటు అవుతున్నది. అనగా ప్రభుత్వ పత్రం తొందర పెట్టడం లేదు. తొందర అంతా విపణిదే.

మూడవది నిరీక్షణ. అన్నిటికంటె తక్కువగా చర్చకు వచ్చేది ఇదే. లారీ గిడ్డంగి ముందు నిలిచినది మొదలు లోడు ఎక్కేవరకు, తిరిగి గమ్యంలో లోడు దిగేవరకు గంటలు, ఒక్కొక్కప్పుడు రోజులు గడిచిపోతవి. రాంబన్, బనిహాల్ ప్రాంతాలలో కొండచరియలు విరిగిపడినప్పుడు కాశ్మీరు ఆపిల్ లారీలు బారులు తీరి నిలిచిపోతవి. బంగ్లాదేశ్ సరిహద్దులోని పెట్రాపోల్ వద్ద వరుసలో వేచి ఉండడం డ్రైవర్లకు పరిపాటి. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలైన పిదప రాష్ట్రాల సరిహద్దులలోని పన్ను చెక్‌పోస్టులు తొలగినవి. 2021 ఫిబ్రవరి నుండి టోల్ గేట్ల వద్ద ఫాస్టాగ్ తప్పనిసరి అయినది. ఈ రెండింటి వలన రోడ్డు మీది నిరీక్షణ తగ్గినది. గిడ్డంగి గేటు ముందరి నిరీక్షణ మాత్రం నేటికీ తగ్గలేదు.

ఈ నిరీక్షణ వేళను యజమాని పనిగా లెక్కించడు. శరీరం దానిని విశ్రాంతిగా లెక్కించదు. వరుసలో బండి ఎప్పుడు కదులుతుందో తెలియదు కనుక డ్రైవరు నిద్రపోలేడు. పగలంతా ఇట్లు గడిచిన తరువాత, పోయిన కాలాన్ని రాత్రి రోడ్డు మీద పూడ్చుకొనవలసి వస్తుంది. చాలామందికి జీతం కంటె ట్రిప్పును బట్టి వచ్చే రాబడి, బత్తా ముఖ్యం. బండి కదలనిదే డబ్బు లేదు. కావున కూలి లెక్కించే పద్ధతియే డ్రైవరును నిద్రకు దూరం చేస్తున్నది.

ఒక చిన్న లెక్క

విద్యార్థులు ఈ విషయాన్ని ఒక సామాన్యమైన లెక్కతో గ్రహించవచ్చును. కొల్లేటి చేపల లారీ 1,200 కిలోమీటర్లు పోవలెను. ఊళ్ళు, టోల్ గేట్లు, వంతెనలు, డీజిల్ అన్నీ కలుపుకొని గంటకు సగటున 40 కిలోమీటర్లు నడుస్తుందని అనుకొందము. స్టీరింగు వద్ద గడపవలసిన కాలం 30 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఒక్క డ్రైవరు నడిపితే నాలుగు రోజులు పడుతుంది. చేపలు రెండు రోజులలో చేరవలెనంటే అతడు రోజుకు 15 గంటలు నడపవలెను. ఇద్దరు డ్రైవర్లు ఉంటే ఒక్కొక్కరికి రోజుకు ఏడున్నర గంటలు వస్తుంది. సరకు వేళకు చేరుతుంది. ఇద్దరికీ నిద్ర దక్కుతుంది. తేడా అంతా రెండవ డ్రైవరు కూలిలో ఉన్నది.

సేవ్‌లైఫ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 2020లో ప్రకటించిన సర్వేలో పది నగరాలలో పన్నెండు వందలకు పైగా డ్రైవర్లను ప్రశ్నించినారు. వారు సగటున రోజుకు దాదాపు పన్నెండు గంటలు బండి నడుపుతున్నట్లును, అలసటగా ఉన్నా, నిద్ర వస్తున్నా బండి ఆపక నడుపుతామని వారిలో దాదాపు సగం మంది చెప్పినట్లును ఆ సర్వే తెలిపినది.

చట్టం ఏమి చెప్పినది?

ఈ సమస్యను మన శాసనకర్తలు గుర్తించలేదని అనడం సరికాదు. 1939 నాటి మోటారు వాహనాల చట్టంలోనే డ్రైవరు పని గంటలపై పరిమితి ఉన్నది. 1961లో పార్లమెంటు మోటారు రవాణా కార్మికుల చట్టాన్ని చేసినది. దాని ప్రకారం వయోజన కార్మికుని పని రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలుబది ఎనిమిది గంటలు మించరాదు. దూర ప్రయాణాలలో అనుమతితో రోజుకు పది గంటలు, వారానికి యాబది నాలుగు గంటల వరకు పొడిగించవచ్చును. ఐదు గంటల పని తరువాత అరగంట విరామం, ఒకనాటి పనికీ మరునాటి పనికీ మధ్య కనీసం తొమ్మిది గంటల ఎడతెగని విశ్రాంతి ఉండవలెనని ఆ చట్టం నిర్దేశించినది.

అయితే ఆ చట్టం ఐదుగురు లేక అంతకు మించి కార్మికులు ఉన్న సంస్థలకే వర్తించినది. మన దేశంలో లారీ యజమానులలో అత్యధికులు ఒకటి రెండు, మహా అయితే నాలుగైదు బండ్లు ఉన్నవారు. అప్పు తీర్చుకొనడానికి తమ బండిని తామే నడుపుకొనేవారు కూడా ఎందరో ఉన్నారు. కావున చట్టపు నీడ అవసరమైన వారిలో చాలామందికి అది చేరలేదు. ఆ చట్టాన్ని 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో విలీనం చేసినారు. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చినది. చిన్న యజమానుల బండ్ల మీద పనిచేసేవారికి పని గంటల రక్షణ ఎట్లు చేరుతుందన్న ప్రశ్న ఇంకా మిగిలియే ఉన్నది.

ఇంకొక మార్పు కూడా చెప్పుకొనదగినది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో, నేషనల్ పర్మిట్టు లారీకి ఇద్దరు డ్రైవర్లు ఉండవలెనని, రెండవవాడు కాళ్ళు చాచి నిద్రించడానికి వీలుగా సీటు ఉండవలెనని నిబంధన ఉండేది. డ్రైవర్ల కొరత, ఖర్చుల దృష్ట్యా 2018లో ఇద్దరు డ్రైవర్ల నిబంధనను తొలగించినారు. ఒకప్పుడు డ్రైవరు పక్కన కూర్చుండి, మాటలాడుతూ అతనిని మేలుకొలుపుతూ ఉండే క్లీనరు కూడా నేడు అనేక లారీలలో కనిపించడు. క్యాబిన్‌లో డ్రైవరు ఒంటరివాడయినాడు.

ప్రమాదం జరిగిన తరువాత మాత్రం చట్టం అతనిని తప్పక చేరుకొంటుంది. నిర్లక్ష్యంగా మరణానికి కారకుడైన వానిని భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను శిక్షిస్తుంది. శిక్ష ఉండవలసినదే. కాని పదహారు గంటలు నడపమని పురమాయించిన వేళాపత్రానికి కూడా ఆ నేరంలో భాగం ఉన్నదా లేదా అని అడిగే సందర్భం అరుదు.

మెలకువ కోసం పడే పాట్లు

డ్రైవర్లు నిద్రను ఆపుకొనడానికి ఎన్నో ఉపాయాలు పన్నుతారు. కిటికీ అద్దం దించి చల్లగాలి తగలనిస్తారు, పాటలు పెద్దగా పెడతారు, పచ్చిమిరపకాయ కొరుకుతారు, గుట్కా, ఖైనీ నములుతారు. ఉత్తరాదిన కొందరు గసగసాల కాయ తొక్కల పొడిని, అనగా 'భుక్కీ'ని వాడి ఆ వ్యసనానికి బానిసలైనారు. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులు అనేక చోట్ల అర్ధరాత్రి దాటిన తరువాత లారీలను ఆపి, డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపే కార్యక్రమాన్ని నడిపినారు. ఒడిశా ప్రభుత్వం 2023 డిసెంబరులో రహదారి ధాబాలలో లారీ డ్రైవర్లకు రాత్రివేళ ఉచితంగా టీ ఇప్పించే పథకాన్ని ప్రకటించినది. ఇవి సదుద్దేశంతో చేసిన పనులు. డ్రైవరు కూడా ఒకరి బిడ్డయే, ఒక ఇంటి దీపమే అన్న భావన వీటిలో ఉన్నది.

కాని వీటి శక్తి ఎంత? ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో జిమ్ హోర్న్, లూయిస్ రేనర్ 1990 దశకంలో జరిపిన ప్రయోగాలలో చల్లగాలి, రేడియో పాటలు కొద్ది నిమిషాలకు మించి ఉపకరించవని తేలినది. వారు చూపిన మేలైన మార్గం సులువైనది: బండిని భద్రమైన చోట ఆపి, ఒక కప్పు కాఫీ త్రాగి, వెంటనే పదిహేను నిమిషాలు కన్నుమూయడం. కాఫీలోని కెఫీన్ అడినోసిన్ పనిని అడ్డుకొంటుంది. కాని అది ప్రభావం చూపడానికి దాదాపు అరగంట పడుతుంది. ఆలోగా చిరు నిద్ర పూర్తి అవుతుంది. టీలో కూడా కెఫీన్ ఉన్నది గాని కాఫీలో కంటె తక్కువ. నిద్ర లేచిన వెంటనే కొంతసేపు మత్తు ఉంటుంది గనుక, నాలుగు అడుగులు నడిచి ఆ తరువాతనే స్టీరింగు పట్టుకొనవలెను. ఇది కూడా గంట రెండు గంటల గడువు మాత్రమే. నిద్ర బాకీని తీర్చగలది నిద్ర ఒక్కటే.

రాత్రి శ్రమ కీడు ఆ రాత్రితో ముగియదు. శరీర గడియారానికి ఎదురీదుతూ ఏళ్ళ తరబడి పనిచేసేవారిలో జీర్ణకోశ వ్యాధులు, మధుమేహం, గుండె జబ్బులు హెచ్చుగా కనిపిస్తున్నవి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో, తిరిగి 2019లో రాత్రి పాళీ పనిని క్యాన్సరుకు బహుశా కారణం కాగల వాటి జాబితాలో చేర్చినది. ఈ మాట లారీ డ్రైవరుకే గాక ఆసుపత్రి నర్సుకు, కర్మాగారపు కార్మికునికి, కాపలాదారునికి కూడా వర్తిస్తుంది. డ్రైవరు విషయంలో భేదమేమనగా, అతని కునుకు ఎదుటివారి ప్రాణాన్ని కూడా తీయగలదు.

సత్రం నుండి విశ్రాంతి గృహం వరకు

బాటసారి విశ్రాంతి రాజధర్మమని మన పూర్వులు ఎరుగుదురు. అశోక చక్రవర్తి తన ఏడవ స్తంభ శాసనంలో బాటల వెంట మర్రిచెట్లు నాటించి, బావులు త్రవ్వించి, విశ్రాంతి గృహాలు కట్టించినట్లు చెప్పుకొన్నాడు. పదహారవ శతాబ్దంలో షేర్షా సూరి తన రహదారుల వెంట సరాయిలు కట్టించినాడు. తెలుగు దేశంలో దాతలు కట్టించిన సత్రాలు నేటికీ ఊళ్ళ పేర్లలో నిలిచి ఉన్నవి. ఆనాటి ప్రయాణం పొద్దుగూకగానే ఆగేది. రాత్రికి చోటు చూపడం సమాజం బాధ్యతగా ఉండేది.

ఈ భావన నేడు మరల రూపు దిద్దుకొంటున్నది. ప్రభుత్వ రంగ చమురు సంస్థలు పెట్రోలు బంకుల వద్ద 'అప్నా ఘర్' పేర డ్రైవర్లకు పడకలు, స్నానపు గదులు, వంట చేసుకొనే వీలు కల్పిస్తున్నవి. జాతీయ రహదారుల వెంట తొలి దశలో వెయ్యి విశ్రాంతి భవనాలు నిర్మించనున్నట్లు 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి ప్రకటించినారు. 2025 నుండి తయారయ్యే భారీ లారీల క్యాబిన్లలో శీతల యంత్రం తప్పనిసరి చేయబడినది. పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌లో కూడా, దూరప్రయాణ డ్రైవరు ఏకధాటిగా ఐదు గంటలకు మించి నడపరాదని, మారు డ్రైవరు ఉండవలెనని, రహదారుల వెంట విశ్రాంతి స్థలాలు ఏర్పరచవలెనని 2018 జూన్‌లో ఆ దేశ ప్రభుత్వం ఆదేశించినది. యూరోపియన్ యూనియన్ దేశాలలో నాలుగున్నర గంటలు నడిపిన తరువాత నలుబది ఐదు నిమిషాల విరామం తప్పనిసరి. లారీలో బిగించిన ఒక యంత్రం ఈ గంటలను నమోదు చేస్తుంది.

మన దేశంలోనే అనుసరింపదగిన ఉదాహరణ ఒకటి ఉన్నది. రైల్వేలలో లోకో పైలట్ డ్యూటీ ఎక్కిన వేళ, దిగిన వేళ నమోదవుతవి. గమ్యంలో అతనికి 'రన్నింగ్ రూమ్' అనే విశ్రాంతి గది సిద్ధంగా ఉంటుంది. అక్కడ కూడా కొరతలు, ఫిర్యాదులు ఉన్నవి. అయినను అతని నిద్ర సంస్థ లెక్కలో చేరి ఉన్నది. అదే సరకును అంతే దూరం మోసే లారీ డ్రైవరు నిద్ర ఎవరి లెక్కలోను లేదు.

చేయవలసినది

ఈ పరిశీలన వలన తేలిన మార్గాలు కొన్ని ఉన్నవి. లోడు ఎక్కించి దించే చోట గడిచే నిరీక్షణకు వెల కట్టవలెను. గంటకు ఇంత అని చెల్లించవలసి వచ్చిననాడు గిడ్డంగులు తమంత తాముగా లారీలను త్వరగా పంపుతవి. దూర ప్రయాణాలలో డ్రైవర్లు మారే పద్ధతిని విస్తరించవలెను. పూర్వపు తపాలా గుర్రాలను చౌకీ చౌకీకి మార్చినట్లు, కొన్ని గంటల దూరానికి ఒక డ్రైవరు బండిని మరొకరికి అప్పగించి, ఎదురు వచ్చే బండిని తీసుకొని సొంత ఊరికి తిరిగి రావచ్చును. 2014లో గురుగ్రామ్‌లో ప్రారంభమైన రివిగో అనే సంస్థ ఈ పద్ధతిని మన రహదారుల మీద నడిపి చూపినది. చిన్న యజమానులు తమ సంఘాల ద్వారా కలిసి ఇట్టి ఏర్పాటు చేసుకొనడానికి సహకార పద్ధతి తోడ్పడగలదు. ప్రమాదాల దర్యాప్తు పత్రంలో డ్రైవరు చివరిసారి ఎప్పుడు నిద్రించినాడో, అంతకు ముందు ఎన్ని గంటలు పనిలో ఉన్నాడో తెలిపే గడి ఒకటి ఉండవలెను. ఆ ఒక్క ప్రశ్న వలన, ఇంతకాలం కనపడని కారణం లెక్కకు వస్తుంది.

ఉదయం వేళ పట్టణంలోని ఇంటి గుమ్మం ముందుకు పాల ప్యాకెట్టు వస్తుంది. అంగడిలో కూరగాయలు తాజాగా ఉంటవి. పాఠశాలకు క్రొత్త పుస్తకాల కట్ట చేరుతుంది. వీటిని మోసి తెచ్చిన మనిషి ఆ వేళకు ఊరి బయట ఏ చెట్టు నీడనో బండి ఆపి, గిడ్డంగి గేటు తెరుస్తారని ఎదురుచూస్తూ, మూతపడే కన్నులను బలవంతంగా తెరచి ఉంచుకొంటున్నాడు. రాత్రికి అతడు మరల రోడ్డెక్కవలసి ఉన్నది. ఆ గేటు వేళకు తెరుచుకొంటే, అతడు నాలుగు గంటలు నిద్రించి బయలుదేరగలడు.